బ్యారీ కుడి చెవి

"ముట్టుకోవద్దని కాగితం అంటించాను కదా మావయ్యగారూ! ఇంగ్లీషులో రాశాను, కింద తెలుగులో కూడా రాశాను!"

క్లారా అరుపుకి గరాజ్ అంతా మోగింది.

జకరయ్య రోలర్ డోర్ రిమోట్ చేతిలో పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. చీరాలలో హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. తప్పు చేసినవాళ్ళు వచ్చి తన ముందు నిలబడటమే ఆయనకి అలవాటు. తను నిలబడటం అలవాటు లేదు.

"చూశానమ్మా కాగితం. చదవటం నాకూ వచ్చు," అన్నాడు. "సాయంత్రం ఐదింటికి మనింట్లో ప్రార్థన. పన్నెండు కుటుంబాల వాళ్ళొస్తున్నారు. హాల్లో సోఫా పక్కన విగ్రహాన్ని పెట్టుకుని పాటలు పాడమంటావా?"

"అది విగ్రహం కాదండీ! టెస్టింగ్ ఎక్విప్‌మెంట్!"

"ముక్కుంది, మూతుంది, చెవులున్నయి. చూసేవాళ్ళకి విగ్రహమే."

"ఇప్పుడు రెండు చెవులు లేవు మావయ్యగారూ. ఒకటే ఉంది."

 జకరయ్య రిమోట్ తీసుకెళ్ళి షెల్ఫ్ మీద పెట్టాడు.

సిమెంటు నేల మీద పక్కకి ఒరిగి పడి ఉన్నాడు బ్యారీ. నడుం పైభాగం వరకే ఉన్న బూడిదరంగు బొమ్మ. లాబ్‌లో అందరూ వాడిని ఆ పేరుతోనే పిలుస్తారు. వాడి రెండు చెవుల లోపలా మైకులుంటాయి. గనుల్లో పనిచేసేవాళ్ళు పెట్టుకునే ఇయర్ మఫ్‌లు చప్పుడుని ఎంత ఆపుతున్నాయో తెలుసుకోవాలంటే ముందు వాడికి తొడిగి చూస్తారు. లాబ్‌లో వారాంతం కార్పెట్ మారుస్తున్నారు, దుమ్ము పడకూడదు, ఎవరైనా ఇంటికి తీసుకెళ్ళండి అంటే, నిన్న సాయంత్రం క్లారాయే కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, ఊరి శివార్లలోని పియారా వాటర్స్‌లో ఈ ఇంటికి తెచ్చింది.

జకరయ్య వాడికి దుప్పటి కప్పి గరాజ్‌లోకి లాక్కొచ్చాడు. తలుపు పక్కనే నిలబెట్టి రిమోట్ నొక్కాడు. దిగుతున్న తలుపు దుప్పటి అంచుని పట్టేసింది. బొమ్మ ఒరిగింది. కుడి చెవి వెళ్ళి తలుపు జారే ఇనప పట్టీలో ఇరుక్కుంది.

డేనీ చర్చి నుంచి తెచ్చిన మడతకుర్చీలు వ్యాన్‌లోంచి దించుతున్నవాడల్లా పరిగెత్తుకొచ్చాడు. తండ్రి ముఖం చూశాడు. భార్య ముఖం చూశాడు. ఇద్దరికీ మధ్యలో నిలబడ్డాడు, అమ్మానాన్నలు చీరాల నుంచి ఈ దేశం వచ్చిన నాలుగు నెలల్లో అలవాటైన చోటు అది.

"స్పేర్ పార్ట్ ఉంటుంది కదా? ఎక్స్‌ప్రెస్‌లో ఆర్డర్ చేద్దాం," అన్నాడు.

"డెన్మార్క్ నుంచి రావాలి డేనీ. త్రీ వీక్స్. సోమవారం పదింటికి కల్‌గూర్లీ మైన్ వాళ్ళు టెస్ట్ చూడటానికి వస్తున్నారు. మా బాస్ హేజెల్ మొదటిసారి మొత్తం నా చేతికిచ్చింది. బుధవారంతో నా ప్రొబేషన్ అయిపోతుంది. అర్థమవుతోందా?"

"మైకు బాగానే ఉంది కదా. చెవి ఉత్త రబ్బరు. అది లేకుండా చెయ్యలేవా?"

క్లారా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతో వచ్చిన నీళ్ళు.

"ఆ మడతల మీద పడి తిరిగాకే శబ్దం లోపలికెళ్తుంది. మఫ్ కూర్చునేది దాని చుట్టూ. చెవి లేకుండా చేస్తే నంబరు తప్పొస్తుంది. ఆ నంబరు నమ్మి ఎవడో ఒకడు మఫ్ పెట్టుకుని బ్లాస్టింగ్ పక్కన నిలబడతాడు. వాడి చెవి పోతుంది. ఉత్త రబ్బరట!"



అమృతం అప్పటిదాకా వంటింటి గుమ్మంలోనే ఉంది. అల్లం వెల్లుల్లి ముద్ద అంటిన చేతులు కొంగుకి తుడుచుకుంటూ మెట్టు దిగి వచ్చింది. నేల మీద గొంతుక్కూర్చుని చెవి ముక్కలు రెండూ ఏరింది. అరచేతిలో పక్కపక్కన పెట్టింది. బొటనవేలి గోటితో ఒకసారి నొక్కి చూసింది.

"ఇది సిలికానే గదమ్మా?" అంది.

ముగ్గురూ ఆవిడ వైపు చూశారు.

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

"నొక్కితే తెలీదూ? పైన అంచు దగ్గర కాస్త ముక్క లేదు. మిగతాదంతా ఉంది." అమృతం లేచి బ్యారీ ఎడమ చెవి దగ్గరికి వంగింది. దాన్ని పట్టుకుని మెల్లగా ముందుకి వంచింది, వెనక్కి వంచింది. తర్వాత తన చెవి తమ్మెని నొక్కుకుని చూసుకుంది. "సోమవారం పదింటికంటే టైముంది. చెయ్యొచ్చు."

"ఏం చెయ్యొచ్చు?"

"చెవి."

"అమృతం!" అన్నాడు జకరయ్య. "సాయంత్రం నలభై మంది భోజనానికొస్తున్నారు."

"బిర్యానీ బయట చెప్పండి," అంది అమృతం.

పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ మాట ఆవిడ నోట రావటం జకరయ్య విని ఎరగడు. వినపడనట్టు మళ్ళీ అడగబోయి, మానుకున్నాడు.

* * *

అమృతం సూట్‌కేసు అడుగు నుంచి నీలం గుడ్డలో చుట్టిన మూటొకటి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద విప్పింది. చెక్క పిడి ఉన్న మైనం కత్తి. దానికంటే సన్నటి చెక్కుడు కత్తులు మూడు. స్పిరిటు దీపం. ఒక డబ్బాలో గులాబీరంగు మైనం రేకులు.

"మీరు హాస్పిటల్లో చేశారని డేనీ చెప్పాడు," అంది క్లారా. "నేను... వార్డులో అనుకున్నా."

"పళ్ళ విభాగంలో. టెక్నీషియన్ని. పళ్ళ సెట్లు చేసేదాన్ని. మీ మావయ్యగారి నోట్లో ఉన్నవి నేను చేసినవే. అప్పుడప్పుడు సెట్టు ఆయన చిగుళ్ళని కొరుకుద్ది, సరిచెయ్యాలని ఇవి వెంటేసుకొచ్చా."

"మరి చెవులు?"

"కాలిపోయినవాళ్ళు వచ్చేవాళ్ళు. పుట్టుకతోనే చెవి లేనివాళ్ళు. పక్క గదిలో సర్జన్ ఉండేవాడు, ఆయన పంపేవాడు. ముక్కులు, చెవులు, ఒకసారి కన్ను చుట్టూ ఉండే రెప్ప కూడా చేశా." అమృతం దీపం వెలిగించింది. "చెవంత కష్టం ఇంకోటి లేదు. ముక్కు ముఖానికి మధ్యన ఉంటది, ఒక్కటే. చెవికి జోడీ ఉంటది. అవతలదానితో సరిపోవాలి."

క్లారా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. నాలుగు నెలలుగా ఈ మనిషి తన బాక్సు సర్దింది, తన యూనిఫామ్ జాకెట్లు ఇస్త్రీ చేసింది. ఏం పని చేసేవారు అని ఒక్క రోజు అడగలేదు తను. సారీ చెప్పాలనిపించింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఎడమ చెవికి అచ్చు తీసి కుడికి పెట్టేద్దామా?" అని అడిగింది.

"నీ ఎడమ చెప్పు కుడి కాలికి వేసుకో, చూద్దాం."

క్లారాకి నవ్వొచ్చింది. పొద్దుటి నుంచీ అదే మొదటి నవ్వు.

తయారీదారు ఇచ్చిన డ్రాయింగ్ లాప్‌టాప్‌లో తెరిచింది. చెవి పొడుగు, వెడల్పు, తలకి ఎంత కోణంలో ఉండాలి, రంధ్రం ఎంత, అన్నీ మిల్లీమీటర్లలో ఉన్నాయి. మెత్తదనానికి కూడా ఒక నంబరుంది: ముప్పై ఐదు.

"డేనీ! క్యానింగ్ వేల్‌లో మౌల్డింగ్ సామాను షాపుంది. శనివారం త్రీకి మూసేస్తారు. రెండు భాగాలు కలిపే సిలికాన్, హార్డ్‌నెస్ థర్టీ ఫైవ్. పరిగెత్తు!"

"ఆ పక్కనే హార్డ్‌వేర్‌లో ప్లాస్టరు రెండు కిలోలు," అంది అమృతం. "ఒక చిన్న వాజలీన్ డబ్బా."

డేనీ కుర్చీలు వ్యాన్‌లోనే వదిలేసి కారెక్కాడు.

అమృతం కత్తిని మంట మీద చూపించి, మైనం కరిగించి, చిరిగిన రెండు ముక్కల్నీ అతికించింది. ఖాళీగా ఉన్న అంచు దగ్గర కొత్త మైనం పోసింది. బాత్రూంలో నుంచి జకరయ్య గడ్డం గీసుకునే అద్దం తెప్పించి బ్యారీ ఎడమ చెవి పక్కన నిలబెట్టింది. అద్దంలో ఆ ఎడమ చెవి కుడి చెవై కనిపిస్తోంది. దాన్ని చూస్తూ చెక్కటం మొదలుపెట్టింది.

"ఇక్కడ ఎంత?"

క్లారా డిజిటల్ కొలబద్ద పెట్టింది. "మూడు పాయింట్ ఎనిమిది. డ్రాయింగ్‌లో మూడు పాయింట్ ఐదు."

పొర లేచింది. "ఇప్పుడు?"

"మూడు పాయింట్ ఆరు. ఇంకొంచెం. ఇంకొంచెం అత్తయ్యా... స్టాప్! స్టాప్! సరిగ్గా మూడున్నర!"

అమృతం ఊపిరి వదిలి నుదురు తుడుచుకుంది. అరవై దాటిన ఆవిడ ముఖం ఎర్రబడింది.

"నీ కొలబద్ద మంచిదమ్మా. మాకివన్నీ లేవు. వేలితో చూసుకునేవాళ్ళం."

రెండు యాభై ఐదుకి డేనీ ఫోన్ చేశాడు. షట్టర్ దించుతున్నవాణ్ణి బతిమాలి లోపలికి వెళ్ళాడట. ముప్పై ఉంది, ముప్పై ఐదు ఉంది, నలభై ఉంది, ఏది అన్నాడు. "ముప్పై ఐదు!" అని అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి అరిచారు.

హాల్లో సోఫాలు జరుపుతున్న జకరయ్య ఉలిక్కిపడి ఇటు చూశాడు.

* * *

ప్రార్థన మొదలయ్యేసరికి ప్లాస్టరు పోయటం అయింది. లాండ్రీలో వాషింగ్ మెషీన్ మీద అచ్చు గట్టిపడుతోంది. హాల్లో పాట నడుస్తుండగా అమృతం మూడుసార్లు లేచి వెళ్ళొచ్చింది. మూడోసారి అచ్చు మీద చెయ్యి పెట్టి చూసి, వెచ్చదనం దిగింది, ఇక విప్పొచ్చు అని గుమ్మం దగ్గర నుంచి క్లారాకి సైగ చేసింది. క్లారా పాటల పుస్తకం పక్కావిడ ఒళ్ళో పెట్టి లేచిపోయింది.

వేడినీళ్ళు పోస్తే మైనం కరిగిపోయింది. రబ్బరు ముక్కలు ఊడొచ్చాయి. తెల్లటి ప్లాస్టరు లోపల చెవి ఆకారంలో ఖాళీ మిగిలింది. ఎక్కడా పెచ్చు రాలేదు.

"తడి పోవాలి. ఓవెన్‌లో సన్నసెగ మీద పెడదాం," అంది అమృతం.

కాసేపటికి బిర్యానీ వేడిచేద్దామని వంటింట్లోకొచ్చిన ఒకావిడ ఓవెన్ తలుపు తీసింది. "ఇదేం కేకు అమృతం ఆంటీ? పొంగలేదే?" అంది. డేనీ నవ్వాపుకోలేక పెరట్లోకి పోయాడు. జకరయ్య నవ్వలేదు. 

అందరూ వెళ్ళాక అత్తాకోడళ్ళు సిలికాన్ కలిపి పోశారు. చెవి రంధ్రం కోసం కొలత ప్రకారం ఉక్కు స్ట్రా ముక్క నిలబెట్టారు. పొద్దున్నే విప్పుకుందాం అనుకున్నారు.

* * *

ఆదివారం ఏడింటికి అచ్చు విప్పారు. చెవి వేళ్ళకి అంటుకుంది.

పై పొరంతా జిగురు. అంచులు తీగలా సాగుతున్నాయి.

"ఏం తప్పు చేశాం?" అంది క్లారా.  "పాళ్ళు నేనే తూచాను. సమానంగా ఉన్నాయి. నాలుగు గంటలు చాలంటే రాత్రంతా ఇచ్చాం."

అమృతం చెవిని వెలుతురుకి పట్టుకుని తిప్పింది. "లోపలంతా గట్టిపడింది. పైనే పాడైంది. ఏదో తగిలింది దీనికి."

క్లారా సిలికాన్ డబ్బా మీద చిన్న అక్షరాలన్నీ చదివింది. ఒకసారి చదివి, రెండోసారి మధ్యలో ఆగిపోయింది. సింక్ కింద పెట్టిన గ్లవ్స్ పెట్టె తీసి దాని మీద పేరు చూసింది.

"లేటెక్స్! లేటెక్స్ తగిలితే ఇది గట్టిపడదు అత్తయ్యా! నేను ఈ గ్లవ్స్ వేసుకునే అచ్చు లోపలంతా వాజలీన్ రాశాను!"

"ఇంకా సిలికాన్ ఉందా?"

"ఉంది. ఒక్కసారికి సరిపోతుంది. ఒక్కసారికే."

"అయితే ఒక్కసారే చేద్దాం," అంది అమృతం. "చేతులు సబ్బుతో కడుక్కురా. అచ్చు కూడా కడిగి మళ్ళీ ఆరబెట్టాలి."

కడిగిన అచ్చు ఓవెన్లో ఆరి బయటికొచ్చేసరికి జకరయ్య కోటు తొడుక్కుని, బైబిలు చంకలో పెట్టుకుని గదిలోంచి వచ్చాడు.

"తొమ్మిదవుతోంది. ఇంకా చీర మార్చుకోలేదేం?"

అమృతం తల ఎత్తలేదు. "మీరూ డేనీ వెళ్ళి రండి."

"ఆదివారం."

"తెలుసండీ."

"జ్వరం ఉన్నప్పుడు కూడా మానలేదు నువ్వు. ఒక బొమ్మ కోసం మానతావా?"

"బొమ్మ కోసం కాదు. ఈ పిల్ల ఉద్యోగం కోసం." అమృతం అప్పుడు తలెత్తింది. "చెవి తెగింది మీ వల్ల. సారీ చెప్పమని నేను అడగట్లేదు. అడ్డం రావొద్దని అడుగుతున్నా."

డేనీ కారు తాళాలు చేతిలో ఆడించటం ఆపాడు. క్లారా కుళాయి కట్టేసింది. 

జకరయ్య బైబిలు సర్దుకుని బయటికి నడిచాడు. కారు తలుపు వేసిన చప్పుడు మాత్రం గట్టిగా వినిపించింది.

"వెళ్ళండి అత్తయ్యా, నేను పోసుకుంటాను," అంది క్లారా మెల్లగా. "నా మూలంగా మీ ఇద్దరికీ..."

"నీకు పొయ్యటం రాదమ్మా. బుడగలొస్తయి. సన్నటి ధారగా, ఒక మూల నుంచే పొయ్యాలి. ఇట్టా రా, చూపిస్తా."

క్లారా ఆవిడ పక్కన నిలబడింది. ఈసారి పోసింది క్లారాయే. ఆవిడ చెయ్యి క్లారా మణికట్టు కింద ఉంది. ధార దారమంత సన్నగా దిగింది.  అచ్చు నిండాక క్లారా అనాలనుకున్న మాట దానంతటదే వచ్చేసింది.

"నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా మీ గురించి అడగలేదు అత్తయ్యా. సారీ."

"నేనూ చెప్పలేదుగా. బల్ల తట్టు. మెల్లగా. బుడగలు పైకొస్తయి."

* * *

ఒంటిగంటన్నరకి కారొచ్చింది. డేనీ ఒక్కడే లోపలికొచ్చాడు.

"మావయ్యగారేరి?"

"గరాజ్‌లో. టార్చ్ అడిగి తీసుకున్నారు. ఎందుకో చెప్పలేదు."

టేబుల్ మీద అచ్చు విప్పటానికి సిద్ధంగా ఉంది. అమృతం కత్తి మొన సందులో పెట్టి తిప్పింది. ప్లాస్టరు రెండుగా విడింది. లోపల పాలరంగు చెవి. వేలితో తాకింది. అంటుకోలేదు. మళ్ళీ తాకింది.

"పొడిగా ఉంది! క్లారమ్మా, పొడిగా ఉంది!"

క్లారా గంతేసింది. డేనీ ఇద్దరినీ కలిపి పట్టుకున్నాడు. "జాగ్రత్తరా, చెవి, చెవి!" అని అమృతం అరుస్తోంది.

బ్యారీకి తొడిగారు. టక్కున కూర్చుంది. ఒక పక్క బూడిదరంగు, ఒక పక్క పాలరంగు.

"రంగు కలిపుండాల్సింది," అంది అమృతం దిగులుగా. "ఎట్టా పంపుతాం వీణ్ణి నలుగురిలోకి?"

"శబ్దానికి రంగుతో పనిలేదు అత్తయ్యా!"

అప్పుడు జకరయ్య వచ్చాడు. కొత్త ప్యాంటుకి మోకాళ్ళ దగ్గర గ్రీజు మరకలు. చర్చిలో ఇచ్చిన ఆరాధన క్రమం కాగితం మడత విప్పి టేబుల్ మీద పెట్టాడు. అందులో చిక్కుడు గింజంత బూడిదరంగు రబ్బరు ముక్క.

"పట్టీ లోపల ఉంది," అన్నాడు. "స్క్రూలు విప్పి తీశా."

అమృతం ఆ ముక్కని తీసుకుంది. తను ఊహించి చెక్కిన అంచు పక్కన పెట్టింది. వంపుకి వంపు కలిసింది. క్లారా కొలబద్ద తెచ్చింది. ఒకటి కొలిచింది, రెండోది కొలిచింది.

"తేడా పాయింట్ టూ. అంతే! ఈ ముక్క చూడకుండానే అత్తయ్య చెక్కారు మావయ్యగారూ! చూడకుండా!"

"చూడకుండా చెయ్యటం ఆవిడకి కొత్తేం కాదు," అన్నాడు జకరయ్య. కుర్చీ లాక్కుని కూర్చుని భార్య చేతుల వంక చూస్తూ ఉండిపోయాడు. "అన్నం ఉందా?" అని కాసేపటికి అడిగాడు.

* * *

సోమవారం ఎనిమిదిన్నరకి క్లారా లాబ్‌లో హేజెల్ టేబుల్ ముందు నిలబడి మొత్తం చెప్పింది. తలుపు, దుప్పటి, మైనం, ఓవెన్, అన్నీ.

హేజెల్ కాఫీ కప్పు కింద పెట్టింది. ఆవిడ మామూలుగానే తక్కువ మాట్లాడే మనిషి.

"శనివారమే నాకెందుకు ఫోన్ చెయ్యలేదు?"

"భయపడ్డాను."

"ఇప్పుడు భయం లేదా?"

"ఉంది. కానీ చెప్పకుండా టెస్ట్ చేస్తే ఆ రిపోర్ట్ మీద సంతకం పెట్టలేను."

హేజెల్ లేచి బ్యారీ దగ్గరికొచ్చింది. పాలరంగు చెవిని లాగింది, వంచింది, వదిలింది. అది తిరిగి తన చోటికొచ్చింది. "మార్చిలో తీసిన రీడింగ్ తెరువు," అంది. "దానితో పోల్చు. తేడా రెండు డెసిబెల్స్ దాటిందంటే వాళ్ళకి ఫోన్ చేసి రావొద్దని చెప్తా. కాదు, నువ్వే చెప్తావు."

గోడలన్నీ మెత్తలతో కప్పిన చిన్న గదిలో బ్యారీని కూర్చోబెట్టి తలుపు వేశారు. స్పీకర్‌లోంచి శబ్దం లోతుగా మొదలై సన్నటి ఈలలా పైకెక్కుతుంది. బయట స్క్రీన్ మీద మార్చి నాటి గీత ఎర్రగా ఉంది. దాని మీద నీలం గీత ఎడమ నుంచి బయల్దేరింది.

ఐదొందల హెర్ట్జ్ దగ్గర కలిసింది. వెయ్యి దగ్గర కలిసింది. మూడు వేల దగ్గర ఎర్రగీత కొండలా లేచింది, నీలం గీతా దానితోపాటే లేచింది.  ఆరు వేల దగ్గర నీలం కాస్త కిందికి దిగింది.

"ఎంత?" అంది హేజెల్.

"ఒకటి. వన్ డెసిబెల్."

గీత మళ్ళీ పైకొచ్చి ఎరుపుతో కలిసిపోయింది. చివరిదాకా కలిసే ఉంది.

"మళ్ళీ చెయ్."

మూడుసార్లు చేశారు. మూడుసార్లూ అంతే. హేజెల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "కిచెన్ ఓవెన్‌లోనా?" అని అడిగింది. అడిగి గట్టిగా నవ్వింది. ఆవిడ నవ్వగా క్లారా చూడటం అదే మొదటిసారి.

పదింటికి కల్‌గూర్లీ నుంచి ఇద్దరు వచ్చారు. హేజెల్ ఏదీ దాచలేదు. ఈ చెవి చేత్తో చేసింది, పాత రీడింగుతో సరిపోయింది, కంపెనీ చెవి వచ్చాక ఖర్చు లేకుండా మళ్ళీ టెస్ట్ చేసి చూపిస్తాం, రిపోర్ట్‌లో కూడా ఇదంతా రాస్తాం అంది. టెస్టంతా క్లారాయే నడిపింది. ఒక్కచోట కూడా తడబడలేదు.

అయిపోయాక, వచ్చిన ఇద్దరిలో పెద్దాయన, రస్సెల్, గదిలోంచి కదల్లేదు. చెవుల మీదకి దించుకున్న ఉన్ని టోపీతో పొద్దుటి నుంచీ వెనకే నిలబడి ఉన్నాడు. బ్యారీ పక్కన కూర్చుని ఆ పాలరంగు చెవిని చాలాసేపు చూశాడు.

"ఇది చేసిందెవరన్నావు?"

"మా అత్తగారు."

ఆయన టోపీ తీశాడు. ఎడమ వైపు చెవి లేదు. ముడతపడ్డ చర్మం, మధ్యలో చిన్న రంధ్రం.

"పైపు పేలింది. పందొమ్మిదేళ్ళయింది," అన్నాడు. "అందుకే ఈ మఫ్‌ల టెస్టు చూడటానికి ఆరొందల కిలోమీటర్లు నేనే వస్తాను, ఎవర్నీ పంపను. రెండుసార్లు చెవి చేయించుకున్నా. రెండూ నాలా లేవు. సొరుగులో పడేశా." టోపీ చేతుల్లో తిప్పాడు. "ఆవిడ ఒకసారి చూస్తుందేమో అడుగుతావా?"

క్లారా కారిడార్‌లోకి పరిగెత్తి ఇంటికి ఫోన్ చేసింది. మొదటి రింగుకే అమృతం ఎత్తింది.

"ఏమైందమ్మా? గీతలు కలిసినయ్యా?"

"కలిశాయి అత్తయ్యా! మూడుసార్లూ కలిశాయి! హేజెల్ నవ్వింది!"

అవతల కేక వినిపించింది. "ఏమండీ, కలిసినయంట!" జకరయ్య "దేవునికి స్తోత్రం" అనటం, ఏదో గిన్నె కింద పడటం, ఇద్దరూ నవ్వటం, అన్నీ వినిపించాయి.

"ఇంకోటి అత్తయ్యా. ఇక్కడ ఇంకో చెవి కావాలంటున్నారు."

"కుడా, ఎడమా?" అమృతం గొంతులో హుషారు. "కొలతలు రాసుకురా. ఈసారి రంగు కూడా కలుపుదాం."

"ఎడమ. కానీ బొమ్మకి కాదు అత్తయ్యా. మనిషికి. పాపం, యాక్సిడెంట్‌లో పోయిందట, ఇక్కడే ఉన్నారు..."

 ఫోన్ కట్టయిందేమోనని క్లారా స్క్రీన్ చూసుకుంది. కట్టవలేదు.

"అత్తయ్యా?"

"మనుషులకి నేను చెయ్యనమ్మా." అది ఇందాకటి గొంతు కాదు.

"చేశానన్నారు కదా? కాలిపోయినవాళ్ళకి..."

ఫోన్ చేతులు మారిన చప్పుడైంది.

"క్లారా." జకరయ్య. ఆయన అంత మెల్లగా మాట్లాడటం క్లారా ఎన్నడూ వినలేదు. "ఆ మాట ఇంకోసారి ఆవిడ దగ్గర ఎత్తొద్దు. ఆఖరిసారి మనిషికి చెవి చేశాక జరిగింది ఆవిడ ఇంకా మరవలేదు. సాయంత్రం నువ్వొచ్చాక నేను చెప్తా. డేనీకి కూడా తెలీదు. నువ్వొక్కదానివే గరాజ్‌లోకి రా."

లైను తెగిపోయింది.

క్లారా తల తిప్పింది. రస్సెల్ కారిడార్ చివర, టోపీ చేతిలోనే పట్టుకుని, ఏమందని అడగకుండా నిలబడి ఉన్నాడు.